అన్నయ్యకు చెప్పకూడని మాట

చాలాకాలంగా వ్రాయాలనుకొని వాయిదా వేస్తూ వచ్చిన సంగతి ఇది. తీరిక లేక కాదు. ఇందులో నా తప్పు ఒకటి ఉన్నది. మూడు దశాబ్దాలకు పైగా పిల్లల తప్పులను ఎర్రసిరాతో దిద్దినవాడికి తన తప్పును తానే వ్రాసికొనడం అంత తేలిక కాదు. అయినా ఇది చదివే మిత్రులలో మధుమేహం ఉన్నవారు కొందరైనా ఉంటారు. లేకపోతే వారి ఇళ్ళలో ఎవరో ఒకరు ఉంటారు. వారి కోసం ఈ టపా.

మా అన్నయ్య నాకంటె పదేళ్ళు పెద్ద. నాన్నగారు పోయిన తరువాత తన చదువు మానుకొని, తెనాలిలో ఒక బియ్యం కొట్టులో గుమాస్తాగా చేరి, నన్ను ఓరియంటల్ కళాశాలలో చదివించినవాడు. నాకు భాషాప్రవీణ పట్టా వచ్చిన రోజున నాకంటె ఎక్కువ సంతోషించినవాడు. తాను చదవలేకపోయిన లోటు తీర్చుకొనడానికో ఏమో, వార్తాపత్రికను మొదటి అక్షరం నుంచి చివరి పుటలోని ప్రకటనల దాకా చదివేవాడు. నలభయ్యో ఏట అతనికి మధుమేహం వచ్చింది. మా ఇంట్లో అందరమూ షుగరు అనే అనేవాళ్ళం. ఆ మాటలోని తీపి వల్లనో ఏమో, దానిని చూసి ఎవరమూ భయపడలేదు.

2004లో ఒకనాడు అన్నయ్య ఎడమకంటి ముందు నల్లని దారాల వంటివి తేలుతున్నాయన్నాడు. గుంటూరు తీసికొనివెళ్ళాను. అక్కడి వైద్యులు పరీక్షించి, రెండు కళ్ళలోను చెడు రక్తనాళాలు పెరిగాయని, వెంటనే లేజరు చేయాలని, ఒక్కొక్క కంటికి నాలుగేసి విడతలు పడుతుందని చెప్పారు. అదే రోజు కుడికంటికి మొదటి విడత చేశారు. ఆ రాత్రి అన్నయ్యకు తలనొప్పి, కంటిపోటు. వారం గడిచినా చూపు మెరుగుపడలేదు సరికదా, మునుపటికంటె కొంచెం మసకగా ఉన్నదన్నాడు. రెండో విడతకు వెళ్ళవలసిన రోజు దగ్గరపడింది.

ముందురోజు సాయంత్రం వీధి అరుగు మీద కూర్చొని నన్ను అడిగాడు. "ఒరేయ్, నువ్వు చదువుకొన్నవాడివి. వెళ్ళమంటావా, మానమంటావా?"

అప్పటికి మా బడిలో ఒక మాట విని ఉన్నాను. ఎవరికో లేజరు చేశారనీ, ఆ తరువాత ఉన్న చూపు కూడా పోయిందనీ. దాని పూర్వాపరాలు నేను విచారించలేదు. "చూపు పెరగనప్పుడు ఈ బాధ ఎందుకన్నయ్యా? కొన్నాళ్ళు ఆగి చూద్దాం" అన్నాను.

అన్నయ్య ఆగాడు. ఏడాదిన్నర లోపల మొదట ఎడమకంటిలో, తరువాత కుడికంటిలో రక్తస్రావం జరిగింది. మళ్ళీ వైద్యుల దగ్గరికి వెళ్ళేసరికి లోపలి పొర ఊడి వచ్చేసిందన్నారు. ఎడమకంటికి శస్త్రచికిత్స జరిగింది, ఫలితం లేకపోయింది. 2006 తరువాత మా అన్నయ్యకు వెలుతురు తెలిసేదే గాని మనిషి ఆనేవాడు కాదు. ఆదివారాలలో వెళ్ళి పేపరు చదివి వినిపించేవాణ్ణి. 2013లో పోయాడు. ఆ ఏడేళ్ళలో అరుగు మీద నేనన్న మాటను ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. గుర్తు చేసి ఉంటే నాకు కొంత భారం తగ్గేదేమో.

ఇక నా సంగతి. నాకూ 2001 నుంచి మధుమేహం ఉన్నది. పదవీ విరమణ అయిన రెండేళ్ళకు, 2019లో, కళ్ళజోడు మార్పించుకొందామని కంటి ఆసుపత్రికి వెళ్ళాను. గోడమీది అక్షరాల పట్టికలో చివరి వరుస కుడికంటితో తడబడకుండా చదివాను. ఎడమకంటితో దానికి పై వరుస చదివాను. ఈ వయసులో ఇంత చూపా అని కొంచెం గర్వపడ్డాను కూడా. షుగరు ఉన్నదని చెప్పినందువల్ల పాప విచ్చుకొనే చుక్కలు వేసి, అరగంట కూర్చోబెట్టి, లోపల చూశారు. చూసిన డాక్టరుగారు నాకంటె చాలా చిన్నవారు. "మాస్టారూ, రెండు కళ్ళలోను కొత్త రక్తనాళాలు వచ్చాయి. ఎడమకన్ను ఇంకా ముదిరింది. లేజరు చేయాలి" అన్నారు.

పదిహేనేళ్ళ క్రితం విన్న మాటే. కాళ్ళ కింద నేల కదిలినట్లయింది. కాని ఈసారి అడగవలసిన ప్రశ్న అడిగాను. "బాబూ, దీనితో చూపు పెరుగుతుందా?"

"పెరగదండి. ఉన్న చూపును నిలబెట్టడానికే చేస్తాం. చేసిన కొత్తలో కాస్త తగ్గినట్లు కూడా ఉంటుంది. అందుకని మధ్యలో మానేయకూడదు."

ఇంతే. ఈ నాలుగు వాక్యాలు 2004లో మాకు ఎవరూ చెప్పలేదో, చెప్పినా కంగారులో మా చెవికెక్కలేదో ఇప్పుడు చెప్పలేను. చికిత్స అంటే పోయినది తిరిగి రావడం అని మనం అనుకొంటాం. జ్వరానికి మందు వేసికొంటే జ్వరం తగ్గుతుంది. శుక్లం తీయించుకొంటే చూపు వస్తుంది. ఆ కొలతబద్దతోనే లేజరునూ కొలుస్తాం. చూపు పెరగలేదు కనుక వైద్యం పారలేదని తీర్మానిస్తాం. నేను చేసిన తప్పు సరిగ్గా అదే.

ఆ తరువాత నాకు తెలిసినంతలో ఈ జబ్బు నడక ఇది. కంటి వెనుక లోపలివైపున కాగితం కంటె కొంచెం మందంగా ఉండే పొర రెటీనా. పాఠ్యపుస్తకాలలో నేత్రపటలం అని చదువుకొన్నదే. దాని నడిబొడ్డున ఉండే పచ్చచుక్కతోనే మనం అక్షరాలు చదువుతాం, ముఖాలు గుర్తుపడతాం. చుట్టూ ఉన్న మిగిలిన భాగమంతా పక్కచూపుకు, చీకటిచూపుకు పనికివస్తుంది. ఏళ్ళ తరబడి నెత్తురులో చక్కెర ఎక్కువగా ఉంటే ఈ పొరలోని సన్నని రక్తనాళాల గోడలు బలహీనపడతాయి. కొన్ని చిన్న చిన్న బుడిపెలుగా ఉబ్బుతాయి, కొన్ని కారుతాయి, కొన్ని పూడిపోతాయి. పూడిపోయినచోట నెత్తురు అందక ఆ భాగం ఆకలితో అలమటిస్తుంది. అప్పుడు ఒక రసాయన సంకేతాన్ని విడుదల చేస్తుంది. దానిని వైద్యులు వి.ఇ.జి.ఎఫ్. అంటారు. ఆ సంకేతం అందుకొని కొత్త రక్తనాళాలు మొలుస్తాయి.

కరువు వచ్చినచోటికి కొత్త కాలువ వస్తే మంచిదే కదా అనిపిస్తుంది. కాని ఈ కాలువలకు గట్లు లేవు. అవి మొలవవలసిన చోట మొలవవు. రెటీనా ఉపరితలం మీదుగా, కన్నంతా నిండి ఉండే జిగురువంటి పారదర్శక పదార్థంలోకి పాకుతాయి. గోడలు పలుచన. కాస్త లాగితే చిట్లుతాయి. అప్పుడే అన్నయ్య చూసిన నల్లదారాలు. వాటి వెంట మచ్చకట్టిన కణజాలం కూడా పెరిగి, అది ముడుచుకొన్నప్పుడు రెటీనాను గోడకు అంటించిన కాగితాన్ని పీకినట్లు పీకుతుంది. ఇంత జరుగుతున్నా పచ్చచుక్కకు ముప్పు రానంతవరకు పట్టికలో చివరి వరుస చదవగలం. ఇదే ఈ జబ్బులోని మోసం.

మరి లేజరు ఏం చేస్తుంది? ఆ చెడునాళాలను గురిచూసి కాల్చేస్తుందని నేను అనుకొనేవాణ్ణి. అది కాదట. నడిమి పచ్చచుక్కను వదలిపెట్టి, చుట్టూ ఉన్న ఆకలిగొన్న భాగాన్ని వందలాది చిన్న చుక్కలుగా కాలుస్తారు. రెటీనాలో ప్రాణవాయువును అధికంగా వాడుకొనేవి వెలుతురును పట్టే కణాలు. వాటిలో కొన్నిటిని కాల్చివేస్తే గిరాకీ తగ్గుతుంది. వెనుక పొర నుంచి వచ్చే ప్రాణవాయువు మిగిలినవాటికి ఎక్కువగా అందుతుంది. ఆకలి తగ్గితే ఆ సంకేతం తగ్గుతుంది. సంకేతం తగ్గితే కొత్తనాళాలు వాటంతటవే వడలిపోతాయి.

డాక్టరుగారు ఒక చీటీ వెనుక గుండ్రంగా గీసి, నడుమ చుక్క పెట్టి, అంచులంతా పెన్నుతో పొడిచి చూపించారు. నాకు కళాశాల రోజులలో చూసిన తాళపత్రాలు గుర్తుకు వచ్చాయి. అంచులు చెదలు తిని, మూలలు విరిగి ఉండేవి. నడుమ వ్రాత మాత్రం నిలిచి ఉండేది. అంచులు కొంత మిగిల్చి వ్రాసిన పూర్వులు ఎంత ముందుచూపు గలవారో అని మా గురువుగారు అనేవారు. అంతా పోయే ఆపద వచ్చినప్పుడు సగం వదులుకొని సగం దక్కించుకొనేవాడే తెలివిగలవాడని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో! అన్నయ్య అడిగిననాడు మాత్రం ఆ నీతి నాకు తోచలేదు.

ఈ విద్య పుట్టుక కూడా మనం వినదగినది. సూర్యగ్రహణాన్ని నేరుగా చూడరాదని మన పెద్దలు పదే పదే చెబుతారు. 1945 జూలై 9న ఐరోపాలో కనిపించిన గ్రహణాన్ని ఒక వైద్య విద్యార్థి అలా చూసి పచ్చచుక్క కాల్చుకొన్నాడు. అతనిని పరీక్షించిన జర్మన్ నేత్రవైద్యుడు గెర్డ్ మేయర్ ష్వికెరాట్‌కు ఆ మచ్చను చూసి ఒక ఆలోచన వచ్చింది. వెలుతురు కంటిలో ఇంత కచ్చితంగా కాల్చగలిగితే, కాల్చవలసిన చోటనే కాల్చి వైద్యం చేయరాదా అని. మొదట అద్దాల సాయంతో సూర్యకాంతినే రోగి కంటిలోకి మళ్ళించాడు. మబ్బు పట్టిననాడు వైద్యం లేదు. తరువాత గ్జీనాన్ దీపం వచ్చింది. 1960లో అమెరికాలో థియొడోర్ మైమన్ మొదటి లేజరును వెలిగించాడు. ఆ దశాబ్దం ముగిసేలోపల ఆర్గాన్ లేజరు కంటివైద్యానికి అందింది. గ్రహణం చేసిన గాయం నుంచి చికిత్స పుట్టింది.

నా అనుభవం కొంచెం చెబుతాను. భయపడేవారికి ధైర్యంగా ఉంటుంది. కంటిలో మత్తుచుక్కలు వేశారు. గడ్డం ఒక ఆసరా మీద ఆనించి, నుదురు పట్టీకి తగిలించి కూర్చోవాలి. జిగురు పూసిన అద్దపుబిళ్ళ ఒకటి కంటికి ఆనించి పట్టుకొన్నారు. ఆపైన పచ్చని మెరుపులు. ఒకటి, రెండు, పది, వంద. అలవాటు కొద్దీ లెక్కపెట్టబోయి రెండువందలు దాటిన తరువాత మానుకొన్నాను. చాలా చుక్కలు తెలియనే తెలియవు. కొన్నిచోట్ల మాత్రం, కంటికి ఇటూ అటూ నరాలు ఉండే దారిలో, పంటినరం మీద పొడిచినట్లు చివుక్కుమంటుంది. పదిహేను నిమిషాలలో ముగిసింది. లేచి చూస్తే గదిలో తెల్లగోడలు, డాక్టరుగారి కోటు అన్నీ గులాబిరంగులో కనిపించాయి. కొద్దిసేపటికి సర్దుకొన్నది.

కుడికన్ను బుద్ధిమంతుడైన విద్యార్థివలె మూడు విడతలకు దారికి వచ్చింది. ఎడమకన్ను మొండిది. నాలుగు విడతలైనా, దృష్టినాడి మొదలు దగ్గర పెరిగిన నాళాలు వడలలేదు. ఒకనాడు అక్షరాల మీద నల్లని సాలెపోగు ఒకటి తేలింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా ఆవిడ పక్కనే కూర్చొని, "ఈసారి ఆగేది లేదు" అన్నది. ఆమెకు అరుగుమీది మాట తెలుసు.

మరునాడు వెళ్తే చేతినరంలోకి పసుపురంగు మందు ఎక్కించి కంటిలోని నాళాలను వరుసగా ఫొటోలు తీశారు. ఆ రోజంతా మూత్రం కూడా ముదురు పసుపుగా వస్తుంది, కంగారుపడవద్దని ముందే చెప్పారు. ఆ ఫొటోలలో లేజరు చుక్కల నడుమ ఇంకా నెత్తురందని భాగాలు బయటపడ్డాయి. అక్కడక్కడ వదిలేసిన ఖాళీలను మరి రెండు విడతలలో పూరించారు. ఒక ఇంజెక్షన్ కూడా కంటిలోకి ఇచ్చారు. ఆ సంకేతాన్ని అడ్డుకొనే మందు అది; బెవాసిజుమాబ్ అంటారు. పెద్దపేగు క్యాన్సరు కోసం 2004లో అమెరికాలో అనుమతి పొందిన ఆ మందును కంటివైద్యులు తరువాత తమ పనికి వాడుకొన్నారట. 2004 అని వినగానే మనసు ఎక్కడికి పోయిందో వేరే చెప్పనక్కరలేదు.

"ఇంజెక్షన్లే వేయవచ్చు కదా, ఈ కాల్చడం ఎందుకు?" అని అడిగాను. అడగవలసిన ప్రశ్నే. ఈ జబ్బుకు అటువంటి ఇంజెక్షన్లు కూడా లేజరుతో సమానంగా పనిచేస్తాయని 2015లో ఒక అమెరికన్ పరిశోధన తేల్చింది. పైగా వాటితో పక్కచూపు అంతగా పోదు. కాని వాటి ప్రభావం కొన్ని వారాలే. మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. లేజరు చాలాకాలం నిలుస్తుంది. ఏది ఎవరికి తగినదో వైద్యుడు నిర్ణయించవలసిందే. నా విషయంలో లేజరు ప్రధానంగా, ఇంజెక్షన్ తోడుగా నడిచింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి నెలల తరబడి గడప దాటలేని రోజులలో ఆ నిర్ణయం విలువ తెలిసింది. ఆసుపత్రికి మళ్ళీ వెళ్ళేసరికి ఎడమకంటిలోని మొండినాళాలు వడలి, బూడిదరంగు గీతలుగా మిగిలాయి.

పోయినవీ చెప్పాలి. సందెవేళ మెట్లు దిగడం కష్టం. ఎండలోనుంచి గుడిలోకి వెళ్తే గర్భాలయంలోని మూర్తి కనపడడానికి చాలాసేపు పడుతుంది. మా ఆవిడ చేయి పట్టుకొని నిలబడతాను. పక్కనుంచి వచ్చే స్కూటరు ఆలస్యంగా తెలుస్తుంది కనుక సైకిలు మానేశాను. కాని పుస్తకం చదువుతున్నాను. ఈ అక్షరాలు నా కళ్ళతో చూసి నేనే కూర్చాను. పాత సొమ్ములో అంచుల వడ్డీ పోయింది, అసలు మిగిలింది.

చివరిగా ఒక పరిశోధన సంగతి. నాకు అన్నిటికంటె మనసులో నాటుకొన్నది అదే. లేజరు నిజంగా మేలు చేస్తుందా అని తేల్చడానికి 1970 దశకంలో అమెరికాలో 1,700 మందికి పైగా రోగులతో ఒక పెద్ద పరీక్ష జరిపారు. ఒక్కొక్కరికి ఒక కంటికే చికిత్స చేశారు. రెండోకన్ను అలాగే వదిలి గమనించారు. ఏ కంటికి చేయాలన్నది చీట్లు తీసినట్లు నిర్ణయించారు. చికిత్స పొందిన కళ్ళలో తీవ్రంగా చూపు పోవడం సగానికి పైగా తగ్గిందని 1976లో వెల్లడి కాగానే, ప్రమాదంలో ఉన్న ఆ రెండో కళ్ళకు కూడా లేజరు చేయడానికి వీలు కల్పించారు. ఇది చదివిన రోజున పుస్తకం మూసి చాలాసేపు కూర్చొన్నాను. ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరం. ఒకే జబ్బు. ఒకడికి చికిత్స పూర్తయింది, ఒకడికి కాలేదు. మా ఇంట్లో చీటీ తీసినవాణ్ణి నేను. 1976లో తేలిన సంగతి 2004లో నాకు తెలియకపోవడం నేరం కాకపోవచ్చు. తెలియకుండా సలహా చెప్పడం మాత్రం తప్పే.

2023లో అన్నయ్య కొడుకును కంటిపరీక్షకు బయలుదేరమన్నాను. వాడికీ షుగరు ఉన్నది. "నాకు చూపు బాగానే ఉంది కదా బాబాయ్" అన్నాడు. నాకూ బాగానే ఉండేదని చెప్పాను. వాడు ఇంకా తటపటాయిస్తుంటే అరుగుమీది మాట చెప్పాను. అప్పటిదాకా వాడితో ఎన్నడూ చెప్పలేదు. విని కాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాన్న నాకు చెప్పాడు బాబాయ్. వాడు నా మీద ప్రేమతో అన్నాడురా, వాణ్ణి ఏమీ అనకండి అన్నాడు" అన్నాడు.

నాకు మాట రాలేదు. వాడే ఆటో పిలిచాడు.

వాడి కళ్ళలో జబ్బు తొలిదశలోనే ఉన్నది. ఇప్పుడు లేజరు అవసరం లేదని, చక్కెర, రక్తపుపోటు అదుపులో ఉంచుకొని క్రమం తప్పకుండా పరీక్షకు రమ్మన్నారు. వస్తున్నాడు. నేనూ వాడూ కలిసే వెళ్తున్నాము.

షుగరు ఉన్న మిత్రులారా, చూపు బాగున్నా సరే, ఏడాదికొకసారి పాప విచ్చుకొనే చుక్కలు వేయించుకొని రెటీనా పరీక్ష చేయించుకోండి. లేజరు చేయాలంటే, చూపు పెరగలేదని మధ్యలో ఆపకండి. నా వంటి చదువుకొన్న తమ్ముణ్ణి సలహా అడగవద్దు; డాక్టరును అడగండి.